నీలం డబ్బా

“ఏ డబ్బాలో ఏ నీళ్లున్నాయో నాకు చెప్పావంటే ఊరుకోను,” అన్నాడు ప్రొఫెసర్, కారులోంచి డబ్బాలు దింపుతున్న బావమరిదితో.

“చెప్పను బావా. అక్క అడిగినా చెప్పను. సరేనా?”

ఏడాది పొడవునా పాఠాలు, పేపర్లు దిద్దడాలతో తల ఎత్తే తీరిక లేని ప్రొఫెసర్‌కి వేసవి సెలవులు రాగానే తోటపని పిచ్చి పట్టుకుంది. పెరట్లో నాలుగు మడులు కట్టి చిక్కుడు గింజలు నాటాడు. ఆదివారం వచ్చిందంటే చాలు, భార్యనీ కూతుర్నీ వెంటబెట్టుకుని బావమరిది కారులో షికారు. షికారంటే ఊరి చివర చెరువు, రాళ్లు తవ్వుకుని వదిలేసిన గుంట, రంగుల ఫ్యాక్టరీ వెనక కాలువ. అందరూ షికారుకెళ్లి ఏదో ఒకటి కొనుక్కుని వస్తారు, మనం మురుగునీళ్లు మోసుకొస్తాం అని భార్య నవ్వేది.

నీళ్లు పట్టేది బావమరిదే. మూడు చోట్లవి మూడు డబ్బాల్లో, పోల్చి చూడడానికి మంచినీళ్లు నాలుగో డబ్బాలో. డబ్బాలకి రంగులు పూసి, ఏ రంగు ఏ నీళ్లకో మనసులోనే దాచుకోవాలని ఒప్పందం. ఇంటికి తాళం వేసి వచ్చే పని కూడా అతనిదే. అందరూ కారెక్కి కూర్చున్నాక ఆ తాళం వేయడానికి వీడికి ఇంతసేపెందుకని అక్క విసుక్కునేది.

ఈ దాపరికమంతా ప్రొఫెసర్ పెట్టిందే. ఆ ఫ్యాక్టరీ మీద అతనికి పాత కసి. కాలువ నీళ్లు ఏ మడికి పోస్తున్నాడో ముందే తెలిస్తే, పచ్చగా ఉన్న మొక్క కూడా తన కళ్లకి ఎండినట్టే కనబడుతుందని భయం. కాలేజీ తెరిచేలోగా, ఏ నీళ్లకి మొక్కలు ఎలా పెరుగుతాయో తేల్చే వ్యాసం పూర్తి కావాలి, అందులో వేలెత్తి చూపడానికి ఎవరికీ సందు దొరకకూడదు.

మడులకి నీళ్లు పోసే ఉద్యోగం కూతురిది. కుదురుగా ఒకచోట కూర్చోదని ఇంట్లో అందరూ ఆమెని ఉడుత అంటారు. ఏ డబ్బా నీళ్లు ఆ మడికే, ఒక్క చుక్క అటూ ఇటూ కాకుండా పోసేది.

సెలవులు సగం గడిచేసరికి ఉడుత మంచం పట్టింది. కడుపులో నొప్పి, చేతుల్లో వణుకు, అన్నం చూస్తే వికారం. డాక్టరు కళ్ల కింద రెప్పలు లాగి చూసి, రక్తం తక్కువగా ఉందనీ, ఎండ కూడా తగిలిందనీ మందులు రాశాడు. నీళ్లు బాగా తాగించమని మరీ మరీ చెప్పాడు. ఆ పని ప్రొఫెసర్ నెత్తిన వేసుకున్నాడు. మంచం పక్కన జగ్గు ఖాళీ కానివ్వడు. గ్లాసు అడుగు కనిపించేదాకా కదలడు.

భార్యకీ రోజూ తలనొప్పిగానే ఉంది. వంటింటి కిటికీలో ఆమె ముద్దుగా పెంచుకుంటున్న మొక్క కూడా వాడిపోయింది. “నీ చెయ్యి అలాంటిది, ముళ్లమొక్క కూడా బతకదు,” అని అతను ఆటపట్టించబోతే ఆమె నవ్వలేదు.

“బడి ఉన్నన్నాళ్లు గెంతులేసిన పిల్లండీ. మధ్యాహ్నం అన్నం కూడా అక్కడే తిని, సాయంత్రం దాకా ఆడుకుని వచ్చేది. సెలవులిచ్చాకే ఇలా అయింది. ఆ కాలువ గట్ల మీద తిప్పి తిప్పి మీరే చేశారు.”

కాలువ నీళ్లలో పిల్ల చేతులు ముంచడం ప్రొఫెసర్ కళ్లారా చూసిందే. పక్కన ఉండి కూడా వద్దనలేదు. షికార్లు మానేశారు. పిల్లని గడప దాటనివ్వలేదు. డబ్బాల్లో మిగిలిన నీళ్లతో మడుల పని తనే చూసుకున్నాడు.

ఇల్లు కదలకుండా ఉన్నా ఉడుత కోలుకోలేదు, ఇంకా నీరసించింది. ఆ వారంలోనే నీలం డబ్బా మడి ఎండడం మొదలైంది. ఆకుల అంచులు మాడి, కాడలు నల్లబడి, పాదులన్నీ నేలకి వాలిపోయాయి. మిగతా మూడు మడులూ కాస్త అటూ ఇటూగా పచ్చగానే ఉన్నాయి. దొంగ దొరికాడనుకున్నాడు ప్రొఫెసర్. కూతుర్ని చూస్తే ఏడుపొస్తోంది, మడిని చూస్తే ఒళ్లు పొంగుతోంది. ఇలాంటి సంతోషం వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా కూర్చుని వ్యాసం రాసేశాడు. ఆ ఫ్యాక్టరీ మూయించి తీరతానని భార్యకి మాటిచ్చాడు.

సాయంత్రం బావమరిదికి కబురు పెట్టాడు. అతను వచ్చేసరికి ప్రొఫెసర్ కూతుర్ని భుజానికి ఆనించుకుని నీళ్లు తాగిస్తున్నాడు.

“నాన్నా, నీలం మడికి కూడా నేను బాగానే పోశాను కదా. ఎందుకు చచ్చిపోయింది?” అంది ఉడుత, సగం తాగి ఆపి.

“నీ తప్పేం లేదు తల్లీ. నీళ్ల తప్పు. నువ్వు ఇది తాగెయ్.”

పిల్ల కళ్లు మూసుకుని గ్లాసు ఖాళీ చేసింది. భార్య ఆ గ్లాసు అందుకుని మళ్లీ నింపి బల్ల మీద పెట్టింది. ప్రొఫెసర్ లేచి బావమరిది భుజం మీద చెయ్యి వేసి కిటికీ దగ్గరకి తీసుకెళ్లాడు.

“చూశావా ఆ చివరి మడి? ఇక ఒప్పందం తీరిపోయింది. నీ నోటితో నువ్వే చెప్పు, నీలం డబ్బా కాలువదేగా?”

బావమరిది మడిని చూశాడు. మంచం మీద పిల్లని చూశాడు. తర్వాత అక్క నింపి పెట్టిన గ్లాసు వైపు చూశాడు.

“చెప్పవేం రా?” అంది అక్క.

“నీలం డబ్బాలో నేను పట్టింది మీ వంటింటి కుళాయి నీళ్లు, బావా.”