వోల్టేజి ఎటు పోతోంది?

మీటరు పిన్నులు గుచ్చి చూసి లిఫ్టు మెకానిక్ ఉసూరుమన్నాడు. పొద్దున పదహారున్నర వోల్టులు చూపించిన బ్యాటరీ సాయంత్రానికి పదమూడుకు దిగిపోయింది. తను డ్యూటీకి వెళ్తూ వేసిన తాళం వేసినట్టే ఉంది. ఫ్యాను స్విచ్చి ఆపేసే ఉంది. ఎవరూ వాడకుండా వోల్టేజి ఎలా పడిపోతోందో అతని బుర్రకు అందలేదు.

పాత లాప్‌టాప్‌ల నుంచి పీకిన లిథియం సెల్స్ ఏరి, పట్టీలతో అతికించి, ఛార్జిని అదుపు చేసే బోర్డు బిగించి తన చేతులతో చేసుకున్న బ్యాటరీ అది. సరదాకి చేసింది కాదు. రోజూ మధ్యాహ్నం కరెంటు పోయే ఈ మేడమీద గదిలో ఉడికి చావలేనని భార్య పదిమంది ఉండే తన అన్నగారింటికి వెళ్లిపోయింది. "ఫ్యాను తిరిగిన రోజు మీరే వచ్చి పిలవండి. అప్పటిదాకా ఈ గడప తొక్కను" అంది వెళ్తూ. ఇప్పుడు ఫ్యాను తిరుగుతోంది. కానీ ఊరికే ఉన్నా దిగిపోయే ఈ బ్యాటరీని నమ్ముకుని ఏ మొహంతో పిలుస్తాడు? బ్యాటరీ ఇంకా కుదరలేదని ఫోనులో చెబుతూ వస్తున్నాడు. వచ్చిన మర్నాడే ఫ్యాను ఆగిపోతే ఇక ఆమె జన్మలో తిరిగి రాదు.

బ్యాటరీని చంకన పెట్టుకుని వీధి చివరి బ్యాటరీల షాపుకు వెళ్లాడు. ఆ షాపాయన్ని అందరూ మీటరు బావ అంటారు. చేతిలో మీటరు లేకుండా అతన్ని చూసినవాళ్లు లేరు.

"మళ్లీ తెచ్చావా బావా! దీన్ని చూసుకున్నంత అపురూపంగా మా చెల్లెమ్మను చూసుకుని ఉంటే నీకీ తిప్పలుండేవి కావు" అన్నాడు మీటరు బావ.

"ఎకసెక్కాలు తర్వాత. ముందు ఇది చూడు."

మీటరు బావ సెల్స్ అన్నీ విడివిడిగా చూశాడు. అతుకులు కదిపి చూశాడు. ఛార్జి నింపి, మోటారు తగిలించి లోడు పెట్టి చూస్తే వోల్టేజి బుద్ధిగా, మెల్లగా దిగింది. బోర్డే కరెంటు తాగేస్తోందేమోనని దాన్నీ మార్చాడు. మళ్లీ ఛార్జి నింపి ఒక రోజంతా బల్ల మీద ఊరికే ఉంచితే పాయింటు కూడా తగ్గలేదు.

"బంగారంలాంటి బ్యాటరీ. జబ్బు దీనికి లేదు, నీకుంది" అని తేల్చేశాడు.

ఇంటికి తెచ్చిన మర్నాడు సాయంత్రం చూస్తే మళ్లీ పదమూడు.

ఆదివారం అతను గది కదల్లేదు. చెమటలు కారిపోతున్నా ఫ్యాను వేసుకోకుండా, మీటరు ఎదురుగా మఠం వేసుకుని కూర్చున్నాడు. మాట్లాడ్డానికి మనిషి లేక అంకెలతోనే మాట్లాడాడు. "ఇప్పుడు దిగవేం? నేను అటు వెళ్లగానే దిగుతావుగా" అని దెబ్బలాడాడు. అంకెలు ఉలకలేదు, పలకలేదు. తన వాలకానికి తనకే నవ్వొచ్చింది. చూసి నవ్వేవాళ్లు పక్కన లేరని గుర్తొచ్చి ఆ నవ్వూ ఆగిపోయింది. ఆ పూట వంట కూడా చేసుకోబుద్ధి కాలేదు.

సోమవారం పొద్దున డ్యూటీకి వెళ్తూ ఈ సంగతి మీటరు బావకు చెప్పాడు.

"నువ్వుంటే దిగదు, లేకపోతే దిగుతుంది. అంటే లోడు పడుతున్నట్టే బావా. ఎవరో వాడుతున్నారు."

"తాళం వేసిన ఇంట్లో ఎవరు వాడతారు, దెయ్యమా?"

"దెయ్యానికి ఉక్కపోత ఉండదు. మధ్యాహ్నం ఒకసారి వెళ్లి చూసిరా."

మధ్యాహ్నం పని మధ్యలో వదిలేసి వచ్చాడు. మెట్లెక్కి చూశాడు. తలుపుకు తాళం లేదు. లోపల గడియ వేసి ఉంది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

జేబులోంచి స్పానర్ తీసి తలుపు బాదబోయి ఆగాడు. తాళం పగలగొట్టిన గుర్తులేమీ లేవు. రెండో తాళంచెవి భార్య దగ్గరుంది. ఎక్కడైనా పారేసుకుందేమో, అది దొంగ చేతికి చిక్కిందేమో! అడుగుదామని ఆమెకు ఫోన్ చేశాడు.

తలుపు అవతల ఫోను మోగింది.

అతను స్పానర్ మెల్లగా జేబులో పెట్టేసుకున్నాడు.

"ఏంటండీ ఈ వేళప్పుడు?" ఆమె గొంతు ఫోనులోనూ, తలుపు సందులోంచీ కూడా వినిపించింది.

"ఊరికే. ఎక్కడున్నావ్?"

"ఎక్కడుంటాను? అన్నయ్య వాళ్లింట్లో. వదిన నన్ను ఒక్క పనీ ముట్టుకోనివ్వదు. మధ్యాహ్నమైతే చాలు, పెద్ద గదిలో పక్క వేసి పడుకోమని ఒకటే గొడవ."

చివరికొచ్చేసరికి ఆమె గొంతు వణికింది. అంతమంది ఉన్న ఇంట్లో కాసేపు నడుం వాల్చడానికి చోటు లేక రోజూ ఇంత దూరం వస్తోందని అతనికి అర్థమైంది. తలుపు తట్టాలని చెయ్యెత్తాడు. కానీ ఇప్పుడు ఎదురుపడితే ఆమె తలెత్తుకోలేదు. చెయ్యి దించేశాడు.

"మీ బ్యాటరీ బాగుపడిందా?" అందామె.

"ఇంకా లేదు. సాయంత్రానికి పడిపోతోంది."

"పోన్లెండి, నిదానంగా చూసుకోండి. నాకేం తొందర? ఇంతకీ మీరెక్కడున్నారు?"

"డ్యూటీలో."

"సరే, ఎండలో తిరక్కండి. ఉంటాను మరి, నిద్రొస్తోంది."

అతను చప్పుడు కాకుండా మెట్లు దిగడం మొదలుపెట్టాడు.

"పడుకో. ఫ్యాను రెండో నంబర్లో పెట్టుకుంటే సాయంత్రందాకా ఛార్జి నిలుస్తుంది. ఆరింటిదాకా నేను ఇంటికి రానులే."