పెట్టె లోపలి రంగు

“బస్సు టైరు పేలితే యేం సేస్తావప్పా?”

సంతోష్ ఇంకా చెప్పులు కూడా వేసుకోలేదు.

“ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి గంట ప్రయాణం మా. చంద్రమండలానికి పోతాండానా?”

“గంటలో పేలకూడదని యాడన్నా రాసిపెట్టిండారా?”

జయమ్మకు అన్నీ భయాలే. కొడుకు బ్లేడు పట్టుకుంటే వేలు తెగిందనే అనుకుంటుంది. రంగు డబ్బా మూత తీస్తే ఆ వాసనకే ఊపిరితిత్తులు పాడయ్యాయని గుండె బాదుకుంటుంది. మొగుడు పోయాక ఆమెకు మిగిలింది వీడొక్కడే. ఇరవై ఎనిమిదేళ్ళొచ్చినా ఆమెకు వాడింకా చంకలోనే ఉన్నాడు.

సంతోష్ సెల్‌ఫోన్ల షాపులో పనిచేస్తాడు. సెలవు దొరికితే చాలు, అట్టలు, ఐస్ పుల్లలు, సన్న తీగ ముందేసుకుని పాతకాలం రైలు పెట్టెలు చేస్తాడు. మూరెడు పొడుగు. కిటికీ ఊచలు, తలుపు గొళ్ళెం అన్నీ అచ్చం అట్లాగే. రైలే రాని ఊర్లో రైలు పెట్టెలేందప్పా అని వీధిలో వాళ్ళు నవ్వుతారు.

జయమ్మ మాత్రం నవ్వదు. జన్మలో రైలెక్కలేదని చెప్పుకునే మనిషి ఆమె. కొడుకునూ ఎక్కనివ్వలేదు. తిరుపతికైనా బస్సే.

అయితే ఇప్పుడామె బెంగ టైరు గురించి కాదు. దేవక్క గురించి.

దేవక్క ఆదోని స్టేషన్లో ముప్పై ఏళ్ళు రైలు పెట్టెలు ఊడ్చి రిటైరైంది. సంతోష్ చేస్తున్నది ఒకప్పుడు ఆ దారిన తిరిగిన ఎర్ర ప్యాసింజరు చివరి పెట్టె. దానికి ఫొటో ఒకటే దొరికింది, అదీ బయటిది. లోపల ఎట్లా ఉండేదో దేవక్క చెప్పాలి. అందుకని రెండు నెలలుగా ప్రతి ఆదివారం అక్కడికే పోతున్నాడు.

పోయినవాడు పోయినట్టు వచ్చి ఊరుకుంటాడా?

“పెద్దమ్మ ఉగ్గాని సేసింది మా. అబ్బా, యేం రుచి!”

పెద్దమ్మంట! తనకు తెలియని అక్క తనకెక్కడి నుంచి పుట్టుకొచ్చింది?

మర్నాడు జయమ్మ పనిగట్టుకుని బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసింది. సంతోష్ రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు.

“బాగుంది మా. పెద్దమ్మ పుట్నాలపొడి ఇంకొంచెం యేస్తాది, అంతే.”

ఆ పూట జయమ్మ జొన్నరొట్టెలు తట్టిన చప్పుడు వీధి చివరిదాకా వినబడింది.

“అంతసేపు ఆయమ్మ నీతో యేం మాట్లాడతాది?” అని ఉండబట్టలేక అడిగింది.

“రైలు సంగతులే మా.”

“రైలు సంగతులేనా? మనుషుల సంగతులేమీ సెప్పదా?”

“యే మనుషులు?”

“యేం లేదులే. తిను.”

ఈ ఆదివారం వాడు చెప్పులేసుకుని చూసేసరికి ఆమె సంచి పట్టుకుని గడపలో నిలబడి ఉంది. “నేను గూడా వస్తాండాను. పేలితే ఇద్దరమూ ఉంటాం.”

టైరు పేలలేదు. ఆదోని స్టేషన్ కనబడగానే జయమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది. “దుమ్ము,” అంది.

స్టేషన్ వెనక సందులో దేవక్క ఇల్లు. “రా మా జయమ్మా! నీ కొడుకు నాకూ కొడుకే అయిపోయినాడు,” అని నవ్వుతూ ఎదురొచ్చింది.

ఆ ఒక్క మాట చాలు. జయమ్మ ఉగ్గాని ప్లేటు ముట్టలేదు. “తినే వచ్చినాము,” అంది. సంతోష్ అప్పటికే సగం ప్లేటు ఖాళీ చేశాడు. దేవక్క వాడి మోచేతికి అంటిన ఎర్రరంగును తన కొంగుతో తుడిచింది. తనకు కొంగు లేదా, అనుకుంది జయమ్మ.

దేవక్క వాడి ముఖంలోకి చూసింది. “పిల్లోనివి నీ పోలికలు కావు మా.”

“వాళ్ళ నాయనవి,” అంది జయమ్మ, ఆ మాట పూర్తికాకముందే.

సంతోష్ పెట్టెను స్టూలు మీద పెట్టాడు. పైకప్పు విడిగా ఉంది. లోపల ఐస్ పుల్లల బల్లలు వరసగా ఉన్నాయి. లోపలి రంగు పూర్తయితేనే కప్పు అతికించేది. అతికించాక వేలు కూడా దూరదు. ఇంక ఒక్కటే మిగిలింది. చివర్లో ఆడవాళ్ళ కోసం అడ్డుగోడ కట్టిన చిన్న గది.

“దీని లోపల యేం రంగు పెద్దమ్మా?”

దేవక్క నొసలు రుద్దుకుంది. “తెలుపే అప్పా. తెలుపెయ్యి.”

“బాగా గుర్తుందా?”

“ముప్పై యేండ్లు ఊడ్చినదాన్ని. నాకు కాక ఇంకెవరికి తెలుస్తాది?” అని జయమ్మ వైపు తిరిగింది. “యేం మా, నీకేమన్నా తెలుసునా? రైలే ఎక్కలేదంట కదా నువ్వు!”

సంతోష్ కూడా నవ్వాడు. దేవక్కతో కలిసి.



వాడు తెల్లరంగు డబ్బా మూత తీశాడు. కుంచె ముంచాడు. అంచుకు రుద్ది, కారే చుక్కను దులిపాడు. బయట గూడ్సు బండి ఒకటి వచ్చి, మొత్తం దాటిపోయింది. దాని చప్పుడు సద్దుమణిగాక కూడా జయమ్మ ఆ కుంచె వైపే చూస్తూ ఉంది. వాడు ఊపిరి బిగబట్టి కుంచెను మూలగోడ దగ్గరికి తెచ్చాడు.

“తెలుపు కాదప్పా, లేతపచ్చ,” అంది జయమ్మ. “ఆ మూల బల్ల కింద పాతచీరలో నువ్వొక్కనివే ఏడుస్తాంటే, వొంగి నిన్ను ఎత్తుకున్నప్పుడు సూసినా.”