ఎనిమిదో టేకుముక్క

చెత్తకర్రను మట్టి చేసే తెల్లబూజును ఇంటింటా పెంచడం మొదలయ్యాక, పెళ్ళికూతురు పుట్టింటి బూజును డబ్బాలో పట్టుకెళ్ళి అత్తింటి బూజుతో కలపడం ఆనవాయితీ అయింది. రెండిళ్ళ బూజులూ నెమ్మదిగా తినేవే కాబట్టి వడ్రంగి సోమాచారి తన కూతురు హంసకు సారెలోకి ధైర్యంగా టేకు మంచం చేశాడు. అయినా మనసాగక అత్తింటి బూజు కాస్త తెప్పించి, రెంటినీ కలిపి, పుట్టిన ఎనిమిది పిల్లబూజులను ఎనిమిది టేకుముక్కల మీద పెట్టి మూడు నెలలు చూశాడు. ఏడు ముక్కలు గట్టిగానే ఉన్నాయి. ఎనిమిదోది వేలు పెడితే దూదిలా విడిపోయింది.

“రెండూ మెతకవే కదమ్మా, వాటికిదెలా పుట్టింది?”

“చెరో సగం దాచుకున్నాయేమో నాన్నా, కలిశాక బయటపడింది,” అంది హంస.

“ఇదే ఇల్లంతా పాకుద్ది. మూడేళ్ళలో మంచం పొడైపోద్ది. బూజు పట్టుకెళ్ళకమ్మా.”

“పట్టుకెళ్తాను. మంచం పోతేనే కదా, ఇంకోటి చెయ్యడానికి నువ్వొచ్చేది!”

సోమాచారి, పని అయిపోయిందని చిత్రిక పొట్టులో పారేసిన మంచం కొలతల కాగితాన్ని వెతికి తీసి, పొట్టు దులిపి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.