రెండుసార్లు మోగిన బెల్లు

నలభై ఆరేళ్లకు పెళ్లి చేసుకున్నదాన్ని, సైకిల్ నేర్చుకోవడానికి నాకు సిగ్గేమిటి? ఎనిమిది నెలలుగా మా ఆయనా నేనూ ఆఫీసులకు సైకిళ్ల మీదే వెళ్తున్నాం. ఆ రాత్రి పిల్లల ఆసుపత్రికి విరాళాల కోసం చేసే రెండు వందల కిలోమీటర్ల యాత్రలో అందరికంటే ముందు మేమే ఉన్నాం.

ముందు నేను, వెనక ఆయన. వెనక్కి తిరిగి చూస్తే పడిపోతాను కనుక, వస్తున్నానని చెప్పడానికి ఆయన అప్పుడప్పుడూ ఒకసారి బెల్లు కొడతారు. రెండుసార్లు కొడితే ఆగమని.

ఆ బెల్లు వింటూ చీకట్లో హాయిగా తొక్కుతున్నాను. ఉన్నట్టుండి రెండుసార్లు మోగింది. బ్రేకు పట్టాను. ముందు చక్రానికి మూరెడు దూరంలో వంతెన తెగిపోయి ఉంది. కింద నీళ్ల హోరు.

"మీ కడుపు చల్లగా ఉండ, ఎలా చూశారండీ?" అన్నాను. జేబులో ఫోన్ మోగింది.

"ఏమోయ్ కొత్త పెళ్లికూతురా, మొగుణ్ణి వదిలేసి పరుగేనా?" మా ఆయన నవ్వుతున్నారు. "పంక్చరైంది. అరగంట నుంచి పెట్రోలు బంకులో కూర్చున్నా."

"అక్కడే ఉండండి. ఇక్కడ వంతెన లేదు. వెనక వస్తున్నవాళ్లందరినీ ఆపండి."

ఫోన్ పెట్టేశాక వెనక్కి తిరగలేకపోయాను. భయం వేసింది. అంతకంటే ఎక్కువగా, పొద్దున్నే ఆయనతో పోట్లాడే భాగ్యం మిగిలిందని సంతోషం వేసింది. సంచిలోంచి బిస్కెట్ పొట్లం తీసి, చూడకుండానే చెయ్యి వెనక్కి చాపాను.

"మీరెవరో గానీ, కాదనకుండా తీసుకోండి."

పొట్లం నా వేళ్లలోంచి మెల్లగా జారిపోయింది. కాసేపటికి, కాగితం చించుతున్న చప్పుడు వినిపించింది.