లక్ష్మీపతి పథ్యం

"చెయ్యి తియ్యి వదినా! ఆయన నోట్లో పెట్టొద్దు!"

నాగరత్నమ్మ కేకకు చౌడమ్మ చేతిలోని ఒబ్బట్టు ముక్క మంచం మీద పడింది. తమ్ముణ్ని చూసిపోదామని మదనపల్లి నుంచి మొదటి బస్సుకే పుంగనూరు వచ్చిన మనిషి ఆమె. రెండువేల మూడు వేసవి అది. చెమటలు కక్కుతూ వచ్చింది.

"ఏమే రత్నా, ఒక ముక్క తింటే ఏమవుతాది? ముప్పై ఏండ్లు ఊరందరికీ మిఠాయిలు అమ్మినోడే, వాని నోటికి తీపి రాసిపెట్టలేదా?"

"కుప్పం డాక్టరు ముట్టనే వద్దన్నాడు. తిన్న చక్కెరంతా కడుపులో గడ్డే తినేస్తాదంట. క్యాన్సరంటే ఏమనుకుంటాండావు?"

"నా కొడుకు మురళి ఆడ మదనపల్లిలో డాక్టరును అడిగే వచ్చినాడు. చక్కెర ఒళ్లంతటికీ కావాలంట. మానితే ఎండిపోయేది గడ్డ కాదు, మనిషంట!"

జబ్బు మనిషిని చూడవచ్చిన ప్రతివాళ్లూ వైద్యం చెప్పేవాళ్లే. కాళ్లు పట్టేవాళ్లు ఒక్కరుండరు. ఆ సంగతి చౌడమ్మకూ తెలుసు. కానీ దుప్పటి కింద మనిషి ఉన్నాడో లేడో తెలియకుండా ఉన్న తమ్ముణ్ని చూస్తే నోరు ఊరుకోలేదు.

లక్ష్మీపతి మాత్రం నవ్వాడు.

"దాన్ని తిట్టొద్దక్కా. మొదట్లో నాకూ కోపమే. చక్కెర లేని కాఫీ ఇచ్చిందని గ్లాసు ఇసిరికొట్టినా. ఇప్పుడు సూడు, గడ్డకు మేత లేకుండా మాడుస్తాండాము. బతకని మనిషికి ఎవురన్నా పథ్యం పెడతారా? దసరాకు అంగడి తెరుస్తా. అప్పుడు నీ ఒబ్బట్లు ఎన్ని పెట్టినా తింటా."

"నెయ్యి నువ్వే తెచ్చుకోవాల, పిసినారోడా" అంది చౌడమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

తాను మాట్లాడిన ఆ నాలుగు మాటలకే అలిసిపోయి అతను కళ్లు మూసుకున్నాడు. ముఖంలో నవ్వు అలాగే ఉంది.

నాగరత్నమ్మ ఒబ్బట్ల డబ్బా ఎత్తుకుని వంటింట్లోకి పోయింది. రెండు మాటలు దులిపితే గానీ మనసు ఆరదని చౌడమ్మ వెనకాలే వెళ్లింది.

"నోరు కట్టేసి సంపుతావా నా తమ్ముణ్ని? నిజం చెప్పు. ఆ కుప్పం డాక్టరు నిజంగా ఏమన్నాడు?"

నాగరత్నమ్మ తలుపు దగ్గరికి వేసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంక ఏమడిగితే అది పెట్టమన్నాడు వదినా."