తుంగ కొరికిన దొంగ

“నీ బాతుల్ని కట్టేసుకుంటావా, కూర వండేసుకోనా?” మోకాళ్ళలోతు మడుగులో నిలబడి దువాన్ అరిచాడు. అతని చేతిలో మొదలంటా కొరికేసిన తుంగ పిలకలున్నాయి.

గట్టు మీద డుంగ్ వదిన నడుం మీద చెయ్యి వేసుకుంది. “ఊరి మురుగులో మొలిచిన గడ్డి తినే ఖర్మ నా బాతులకి లేదు మరిదీ! అవి మొక్కజొన్న తింటాయి.”

“మరి కొరుకుతున్నదెవరు? నేనా?”

“ఏమో, నీ మొహం కాస్త పచ్చగానే ఉంది.”

దువాన్‌కి నవ్వు రాలేదు. ఈ మడుగు బాగోగులు చూసే పని అతనిది. ఊళ్ళో ప్రతి వంటింటి నీళ్ళూ, స్నానాల నీళ్ళూ ఈ మడుగులోకే వస్తాయి. తుంగ వేళ్ళ మధ్య మెల్లగా పారి, నత్రజనిని అక్కడే వదిలించుకుని అర్‌హాయ్ సరస్సులో కలవాలి. తుంగ పలచబడ్డాక అది వదలడం లేదు. ఇప్పటికి రెండు నీటి పరీక్షల్లో మడుగు తప్పింది. వచ్చే నెల మూడోది. అదీ తప్పితే మడుగు పూడ్చి, యాత్రికుల బస్సులు ఆపుకునే చోటు చేస్తామని పైవాళ్ళు తేల్చి చెప్పారు. అప్పుడీ మురుగంతా నేరుగా సరస్సులోకే.

“గుడికెళ్ళి ధూపం వెలిగించుకో, పో,” అంది వదిన.

“అది పొద్దున్నే అయింది. ఇక నా చేతుల వంతు.”

ఆ రోజే వెదురు చీల్చి మడుగు చుట్టూ దడి కట్టాడు. పక్క ఊరి కాలవ నుంచి తుంగ దుబ్బులు మోసుకొచ్చి నాటాడు. బాతు ఒక్కటీ లోపలికి రాలేదు. అయినా కొన్నాళ్ళకే పిలకలు మాయం. మళ్ళీ నాటాడు. మళ్ళీ మాయం. కాలివేళ్ళు పాసిపోయాయి. ఈసారి నాటి, గట్టెక్కకుండా మడుగులోనే కాపలా నిలబడ్డాడు.

మిట్టమధ్యాహ్నం అతని కళ్ళెదుటే ఒక పిలక గజగజ వణికి, సర్రున నీళ్ళలోకి జారిపోయింది.

పరుగున వల తెచ్చి వేశాడు. మోచెయ్యంతేసి గడ్డిచేపలు వలనిండా ఎగిరిపడ్డాయి.

“మురుగు గొట్టంలోంచి ఇవెలా వచ్చాయి?”

“వీటిని కూడా నా బాతులే పొదిగాయంటావా?” దడి మీదుగా డుంగ్ వదిన తొంగి చూసింది.

దువాన్ తల దించుకున్నాడు. “తప్పయింది వదినా. అన్నీ నువ్వే పట్టుకుపో. ఎండు మిరపకాయలు దట్టించి వండుకో.”

“ఆగరా!”

దువాన్ తల్లి దడి తలుపు తోసుకుని వచ్చింది. పౌర్ణమి పూజ ముగించుకుని గుడి నుంచి నేరుగా వస్తోంది. మెడలో జపమాల, చేతిలో మూత పెట్టిన బకెట్. వెనకాలే ఆమె భజన సంఘం ముసలమ్మలు, వాళ్ళ చేతుల్లోనూ బకెట్లే. రొప్పుతూ కొడుకు చేతిలోని వల లాక్కుంది.

“నీ తుంగ బతకాలని మొక్కుకుని, నేను సంతలో కొని, పుణ్యానికని ప్రాణం పోసి ఈ మడుగులో వదిలిన చేపల్రా అవి! అది చచ్చిన ప్రతిసారీ రెట్టింపు వదిలాను. అయినా బతకడం లేదని, ఇవాళ సంఘమంతా కలిసి తెచ్చాం!”