బావమరిది లెన్సు

బావమరిది లెన్సు కొట్టేయాలని పళ్ల డాక్టరు ఆదివారం పొద్దున పళ్లు తోముకుంటూ తీర్మానించుకున్నాడు. అంతవరకూ ఆయన ఎదుటివాడి నోట్లోంచి పన్ను తప్ప ఇంకేదీ కాజేసి ఎరగడు. పరిస్థితి అలా వచ్చిపడింది.

ఆరు నెలలుగా ఆయన కొత్త కెమెరా కొనబోతూనే ఉన్నాడు. వడపోసి వడపోసి రెండు మోడళ్ల దగ్గర ఆగాడు. ఒకటి బరువు, కానీ బ్యాటరీ రోజంతా వస్తుంది. రెండోది చిన్నది, ఎగిరే పిట్ట మీద కూడా ఇట్టే ఫోకస్ అవుతుంది, కానీ మధ్యాహ్నానికే నీరసపడుతుంది. క్లినిక్‌లో పేషెంటు చిగుళ్లకు మత్తెక్కేలోపు ఆయన రెండు రివ్యూలు చూసేసేవాడు. భోజనాల దగ్గర భార్యకు ఆ తేడాలన్నీ వడ్డించేవాడు.

"నన్ను చేసుకునే ముందు ఇందులో పదో వంతైనా ఆలోచించారా?" అని ఆవిడ ఒకరోజు అడిగింది.

ఈ ఆరు నెలల్లో ఆయన తీసిన ఫొటోలు మాత్రం నాలుగు. అవీ ఫోన్‌తో తీసినవే.

ఎట్టకేలకు శుక్రవారం మనసు చిన్నదాని వైపు మొగ్గింది. కారణం కెమెరా షాపాయన పెట్టిన ఎక్స్‌చేంజ్. "మీ పాత జూమ్ లెన్సు ఇచ్చేయండి సార్, పైన మీరు పెట్టాల్సింది బాగా తగ్గుతుంది. సోమవారమే ఆఖరు. ఒకటే షరతు, లోపల ఫంగస్ ఉండకూడదు."

ఫంగస్ అంటే బూజు. డాక్టరు లోలోపల నవ్వుకున్నాడు. ఆయన లెన్సు గాలి చొరబడని డబ్బాలో, తేమ పీల్చే పొట్లాల మధ్య మహారాజులా ఉంటుంది. అక్క ఇంటికి వచ్చినప్పుడల్లా బావమరిది ఆ డబ్బాను చూసి ఎగతాళి చేసేవాడు కూడా.

ఇంటికొచ్చి, పిప్పిపళ్లు వెతికే టార్చితో లెన్సు లోపలికి చూశాడు. గాజు అంచున సన్నని తెల్లటి పోగులు.

"వాడకుండా మూల పడేస్తే బూజు పట్టక ఏం చేస్తుంది?" అంది భార్య. నిజమేననిపించి ఆయనకు సిగ్గేసింది.

అచ్చం అలాంటి లెన్సే ఇంకోటి ఉంది. నాలుగేళ్ల కిందట బావా బావమరుదులు ఒకే రోజు, అదే షాపులో చెరొకటి కొన్నారు. బావమరిది తనదాన్ని అల్మారాలో సాక్సుల కింద పడేస్తాడు. అయితేనేం, వారంవారం ఊరంతా తిప్పుతాడు. అంత ఎండ తగిలేదానికి బూజెందుకు పడుతుంది?

పదకొండింటికల్లా బ్యాగులో తన లెన్సు, జేబులో టార్చి పెట్టుకుని డాక్టరు బావమరిది ఫ్లాటులో ఉన్నాడు.

"కొత్త కెమెరా తీసుకుంటున్నావట, అక్క చెప్పింది."

"పాత లెన్సు ఎక్స్‌చేంజ్‌కి ఇచ్చేస్తున్నాలే."

బావమరిది మొహంలో నవ్వు తగ్గింది. "దాన్నెందుకు బావా ఇచ్చేయడం? చేతికి అలవాటైన లెన్సు. షాపువాళ్లు ఏవో వంకలు పెడతారు, మనసు కష్టపెట్టుకుంటావు. నా మాట విని ఉంచేసుకో."

తన మీద వీడికి ఎంత అభిమానం అనుకున్నాడు డాక్టరు. మనసు చివుక్కుమంది. అయినా కుర్రాడు టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లగానే, ఆయన పడగ్గదిలోకి దూరాడు.

సాక్సుల కింద లెన్సు దొరికింది. టార్చి వేసి చూశాడు. ఒక్క పోగు లేదు. ఇంత పోషణ చేసిన తనదానికి రోగం, సాక్సుల వాసన పీల్చిన దీనికి ఆరోగ్యం. ఒళ్లు మండింది. ఆ మంటలోనే రెండు లెన్సులూ మార్చేశాడు. మూతలు మాత్రం ఎవరివి వాళ్లకే ఉంచాడు.

"చక్కెర సరిపోయిందా బావా?"

"సరిపోయింది," అన్నాడు డాక్టరు, టీ ఇంకా నోట్లో పెట్టుకోకుండానే.

ఆ రోజంతా ఆయనకు ముద్ద దిగలేదు. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. సంగతి బయటపడితే ఆవిడకు ఏ మొహం చూపించాలి? తిరిగి పెట్టేసి వద్దామా అని రెండుసార్లు చెప్పుల దాకా వెళ్లాడు. కెమెరా గుర్తొచ్చి రెండుసార్లూ వెనక్కి వచ్చాడు.

సోమవారం షాపాయన లెన్సును వెలుతురుకు ఎత్తి చూశాడు. "తళతళలాడుతోంది సార్. ఎంత జాగ్రత్తగా పెట్టుకున్నారు." కొత్త కెమెరా పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. "పాత బిల్లు తెచ్చారా?"

"ఎక్కడో పోయింది."

"ఏం ఫర్వాలేదు, మా కంప్యూటర్లో ఉంటుంది. లెన్సు మీద చెక్కిన నంబరు మీ బిల్లుతో కలిస్తే చాలు. ఈమధ్య దొంగ సరుకు ఎక్కువైంది. చూడకుండా తీసుకోవద్దని పోలీసులు గట్టిగా చెప్పి వెళ్లారు."

లోకంలోని కెమెరాలన్నిటి పుట్టుపూర్వోత్తరాలూ చదివిన డాక్టరు, తన లెన్సు మీద ఒక నంబరుందన్న సంగతి ఏనాడూ పట్టించుకోలేదు. షాపాయన కళ్లజోడు సవరించుకుని, వేలు పెట్టి ఒక్కొక్క అంకె చదవసాగాడు. పోలీసులు, భార్య, అత్తామామలు వరసగా డాక్టరు కళ్లముందు నిలబడ్డారు. నొప్పి ఒక్క క్షణమే అని రోజూ పదిమందికి చెప్పే మాట తనకు తాను చెప్పుకుని, నోరు తెరిచాడు.

"ఆగండి. అది నాది కాదు, మా బావమరిదిది. నాది బూజు పట్టిందని నిన్న వాళ్లింట్లో నేనే మార్చేశాను."

షాపాయన లెన్సు వంక చూశాడు, కంప్యూటర్ వంక చూశాడు, ఆఖరున డాక్టరు వంక జాలిగా చూశాడు.

"నంబరు కలిసింది, ఇది మీదే సార్. బూజు పట్టింది మీ బావమరిది లెన్సుకి, రెండు నెలల కిందట అమ్ముదామని తెస్తే నేనే తిప్పి పంపాను."